మనోవర్తి కింద గుంటూరు

మా అమ్మమ్మకు చిలకలూరిపేట వైపు నాలుగెకరాల నల్లరేగడి చేను వుండేది. ఆమె చేను అని నలుగురూ అనేవారే గాని, నిజానికి ఆమెది కాదు. ఇరవై రెండో ఏట తాతయ్య పోతే పెద్దమనుషులు కూచుని, "నువ్వున్నన్నాళ్ళూ అనుభవించు, నీ తదనంతరం నీ మరిది కొడుక్కి" అని కాగితం రాయించి ఇచ్చిన మనోవర్తి చేను అది. అమ్ముకోవడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు, కూతురికి పసుపు కుంకుమల కింద ఇవ్వడానికి అసలే లేదు. పత్తికో మిరపకో కౌలుకిచ్చి, వచ్చినదానితో రోజులు వెళ్ళదీయాలి.

ఆ మరిది కొడుకు నెలకోసారి తప్పకుండా వచ్చేవాడు. చేతిలో అరటిపళ్ళ అత్తం, ముఖాన బోలెడంత దిగులూ. "దొడ్డమ్మా, ఒంట్లో ఎల్లా వుంది? ఆ దగ్గు తగ్గిందా?" అని అడిగేవాడు. అమ్మమ్మ తాపీగా వక్క కొరుకుతూ, "ఆఁ, ఇంకో ఇరవయ్యేళ్ళు వుంటుందిరా నాయనా, తొందరేం లేదు" అనేది. అతను వెళ్ళాక నాతో, "వీడు చూసిపోయేది నా దగ్గును కాదే పిల్లా, నా చేనును" అని నవ్వేది.

ఆ మాటలు నాకు మళ్ళీ గుర్తొచ్చింది బి.ఏ.లో, చరిత్ర క్లాసులో. మా లెక్చరరు గారు ఉత్తర సర్కారుల పాఠం చెబుతూ, బసాలత్ జంగ్ బతికున్నంత కాలం గుంటూరు సర్కారు ఆయన అనుభవంలో వుండాలి, ఆయన తదనంతరం ఇంగ్లీషు కంపెనీకి చెందాలి అని 1766లో నిజాముకూ కంపెనీకీ ఒప్పందం కుదిరిందని చెప్పారు. నేను పక్కుమని నవ్వాను. లేచి నిలబడమన్నారనుకోండి! కాని ఏం చెయ్యను? మేం పుట్టి పెరిగిన గుంటూరు సీమ మొత్తం మా అమ్మమ్మ చేనులాగే మనోవర్తి ఆస్తి అని తెలిస్తే నవ్వు రాదూ?

ఇప్పుడు పేపరు తిరగేస్తే చాలు, ఏ దేశం ఏ దేశంతో జట్టు కట్టింది, ఎవరు ఎవరికి దూరం జరిగారు అనే గొడవే. "మనకెందుకమ్మా ఆ పెద్దవాళ్ళ తగువులు" అని పేజీ తిప్పేస్తాం. అల్లా తిప్పేసే ముందు ఈ గుంటూరు కథ ఒక్కసారి వినండి. లండన్, పారిస్, ఢిల్లీ, హైదరాబాదు, పూనా, శ్రీరంగపట్నం, చివరికి అమెరికా కూడా ఈ కథలోకి వస్తాయి. రానివారు ఒక్కరే. వాళ్ళెవరో చివర్న చెబుతాను.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. హైదరాబాదు గద్దెను స్థాపించిన నిజాముల్ ముల్క్ 1748లో పోయాడు. ఆరుగురు కొడుకులు. పెద్దవాడు ఘాజీయుద్దీన్ ఢిల్లీలో వుండిపోయాడు. రెండోవాడు నాసిర్ జంగ్ గద్దె ఎక్కాడు. "తాత నాకిమ్మని చెప్పిపోయాడు" అంటూ కూతురి కొడుకు ముజఫర్ జంగ్ పోటీకి దిగాడు. మామా మేనల్లుళ్ళ తగువులో చెరో పక్షాన చేరింది ఎవరనుకున్నారు? పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ళూ, చెన్నపట్నం ఇంగ్లీషువాళ్ళూ. బట్టలు కొనుక్కుపోవడానికి వచ్చినవాళ్ళకు ఆస్తి తగువుల్లో ఇంత లాభం వుంటుందని అప్పుడే తెలిసింది.

1750లో మామ హత్యకు గురయ్యాడు. గద్దె ఎక్కిన మేనల్లుడు రెండు నెలలు తిరక్కుండానే, 1751లో, రాయచోటి ప్రాంతంలో జరిగిన కొట్లాటలో పోయాడు. వెంట వున్న ఫ్రెంచి సేనాని బుస్సీ మూడో కొడుకు సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూచోబెట్టాడు. పెద్దవాడు "నా వాటా మాటేమిటి?" అంటూ ఢిల్లీ నుంచి సైన్యంతో దిగివస్తే, 1752లో ఔరంగాబాదులో తిన్న విందు భోజనంలో విషం కలిసి పోయాడంటారు. సలాబత్ జంగ్ మాత్రం ఫ్రెంచి సైన్యం జీతాల కింద 1753లో కృష్ణకు ఉత్తరాన వున్న నాలుగు సర్కార్లను బుస్సీకి రాసిచ్చాడు. పనివాడికి జీతం ఇవ్వలేక ఇంట్లో గదులు రాసిచ్చినట్టు!

1756లో ఐరోపాలో ఇంగ్లీషువాళ్ళకూ ఫ్రెంచివాళ్ళకూ ఏడేళ్ళ యుద్ధం మొదలైంది. అక్కడ నిప్పంటుకుంటే ఇక్కడ బందరులో పొగ లేచింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ళ నుంచి పట్టుకున్నాడు. వాళ్ళకు సాయమని బయల్దేరిన సలాబత్ జంగ్ బెజవాడ దాకా రానే వచ్చాడు. కోట పడిపోయిందని తెలిశాక కొద్ది వారాల్లోనే ఇంగ్లీషువాళ్ళతోనే ఒప్పందం రాసుకున్నాడు. నిన్నటి చుట్టం నేటికి పరాయివాడయ్యాడు. అప్పటికి ఫ్రెంచివాళ్ళతో ఎనిమిదేళ్ళ స్నేహం. దాని విలువ కోట గోడ నిలిచినంత సేపే!

1762లో నాలుగో కొడుకు నిజాం అలీ అన్నను ఖైదులో పెట్టి తనే నిజామయ్యాడు. మరుసటి ఏడు అన్న ఆ ఖైదులోనే పోయాడు. ఇక మిగిలినవాళ్ళలో చెప్పుకోదగ్గవాడు తమ్ముడు బసాలత్ జంగ్. ఆయన వాటాకు వచ్చినవి ఆదవాని, రాయచూరు ప్రాంతాలూ, వాటితో పాటు గుంటూరు సర్కారూను. కాగితాల్లో దాని పేరు మూర్తుజానగర్. జనం నోట కొండవీటి సీమ. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన గుండ్లకమ్మ, తూర్పున సముద్రం. మధ్యన మన నల్లరేగడి.

ఇంగ్లీషు కంపెనీ ఊరుకుంటుందా? 1765లో క్లైవు ఢిల్లీ పాదుషా షా ఆలం దగ్గర ఉత్తర సర్కార్లన్నీ తమవేనని ఫర్మానా పుచ్చుకున్నాడు. పాదుషా చేతిలో ఆ సర్కార్లు లేనే లేవు. లేని సొమ్ము దానం చెయ్యడానికి ఎవరికైనా చెయ్యి ధారాళమే కదా! నిజాం అలీ కోపగించాడు. బేరం కుదిరింది. 1766 నవంబరులో హైదరాబాదులో రాసుకున్న ఒప్పందం ప్రకారం సర్కార్లు కంపెనీవి. అందుకు ఏటా నిజాముకు పేష్కష్, అంటే కప్పం లాంటి సొమ్ము, చెల్లించాలి. ఒక్క గుంటూరు మాత్రం తమ్ముడి మనోవర్తి కింద ఆయన ప్రాణం వున్నంత వరకు వుంటుంది. ఆయన పోయాక కంపెనీ తీసుకుని, దానికి ఏడాదికి మరో 2 లక్షలు అదనంగా కట్టాలి.

ఆ సిరా ఆరిందో లేదో, 1767లో నిజాం అలీ మైసూరు హైదరు అలీతో కలిసి ఇంగ్లీషువాళ్ళ మీదికే యుద్ధానికి వెళ్ళాడు. ఓడిపోయాడు. 1768 ఫిబ్రవరిలో మళ్ళీ ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం. రెండేళ్ళలో స్నేహితుడు, శత్రువు, మళ్ళీ స్నేహితుడు! మన వీధిలో ఇద్దరు వియ్యపురాళ్ళు ఇల్లా ప్రవర్తిస్తే నలుగురూ నోరు నొక్కుకుంటారు. రాజులు చేస్తే రాజనీతి అంటారు. ఎన్ని మారినా కొత్త కాగితంలోనూ గుంటూరు మాట మాత్రం మారలేదు. "తదనంతరం" అక్కడే వుంది.

అప్పటి నుంచి కంపెనీ వారి చూపంతా బసాలత్ జంగ్ మీదే. ఆయనేమో మా అమ్మమ్మలాగే చులాగ్గా చావలేదు. పైగా వాళ్ళ గుండెల్లో రాయి పడే పని చేశాడు. లాలీ అనే ఫ్రెంచి సేనానిని కొలువులో పెట్టుకున్నాడు. అతని మనుషులకూ, మందుగుండుకూ సముద్రం మీంచి దారి ఏది? మోటుపల్లి రేవు.

మోటుపల్లి పేరు వినగానే మనకు కాకతీయ గణపతిదేవుడు గుర్తుకు రావాలి. చీరాల, వేటపాలెం దాటి దక్షిణానికి వెడితే ఇసుక తిన్నెల మధ్య వుంటుంది. ఇదివరకు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. పదమూడో శతాబ్దంలో మార్కోపోలో చెప్పుకున్న రేవు అది. ఈ దేశపు బట్ట సాలెగూడంత సన్నంగా వుంటుందని మురిసిపోయాడాయన. ఆ బట్ట నేసిన పత్తి మన నల్లరేగడిదే అయివుంటుందని నా గర్వం. అయిదు వందల ఏళ్ళు గడిచేసరికి, సన్నబట్టలు ఓడెక్కిన రేవులో తుపాకులు దిగసాగాయి.

సరిగ్గా ఆ వేళకు ప్రపంచం మరో పక్క ఒరిగింది. అమెరికాలోని ఇంగ్లీషు వలసలు తిరగబడ్డాయి. 1778లో ఫ్రాన్సు వాళ్ళతో చేతులు కలిపింది. ఇంకేం, ఇంగ్లీషువాళ్ళకూ ఫ్రెంచివాళ్ళకూ మళ్ళీ యుద్ధం. ఆ ఏడు అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరి పట్టుకున్నారు. 1779లో పడమటి తీరాన మాహేనూ పట్టుకున్నారు. మాహే తన రక్షణలో వుందని హైదరు అలీ ముందే చెప్పినా వినలేదు. ఇక ఫ్రెంచివాడికి మిగిలిన సందు మోటుపల్లి ఒక్కటే అని చెన్నపట్నం గవర్నరు రంబోల్డ్‌కు నిద్ర పట్టలేదు. ఎక్కడో బోస్టన్‌లో తేయాకు పెట్టెలు సముద్రంలో పారేసినందుకు మన గుండ్లకమ్మ ఒడ్డున కదలిక వచ్చింది చూశారా!

రంబోల్డ్ ఏం చేశాడంటే, అన్నకు చెప్పకుండా తమ్ముడితో నేరుగా బేరం పెట్టుకున్నాడు. మన ఇళ్ళలో సగం కాపరాలు కూలేది ఇక్కడే. 1779లో బసాలత్ జంగ్ గుంటూరును కంపెనీకి కౌలుకిచ్చాడు. ఫ్రెంచివాళ్ళను పంపించేస్తానన్నాడు. అందుకు బదులుగా ఆదవానిలో ఆయనకు కాపలాగా ఇంగ్లీషు పటాలం వెళ్ళాలి. అంత అవసరపడి పుచ్చుకున్న గుంటూరును కంపెనీ తన దగ్గరన్నా వుంచుకుందా అంటే, అదీ లేదు. పదేళ్ళ గుత్తకు ఆర్కాటు నవాబు మహమ్మదలీ చేతిలో పెట్టింది. ఆ నవాబుకూ నిజాముకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

నిజాం అలీ మండిపడ్డాడంటే పడడూ? "నా తమ్ముడు, నా రాజ్యం, నాతో మాట మాత్రం చెప్పరా? పైగా నా పగవాడికి గుత్తకిస్తారా?" అన్నాడు. అది చాలదన్నట్టు, సర్కార్లకు కట్టవలసిన పేష్కష్ కూడా మానుకోవాలని చెన్నపట్నం వారు కబురు పెట్టారు. తమ్ముడు పంపేసిన ఫ్రెంచి పటాలాన్ని నిజాం తన కొలువులో చేర్చుకున్నాడు. కొంతకాలానికి లాలీ హైదరు అలీ దగ్గర తేలాడు.

అటు హైదరు అలీకి మరో మంట. ఆదవానికి వెళ్ళవలసిన పటాలం ఆయన అడుగైనా అడక్కుండా, అప్పుడే ఆయన గెలుచుకున్న కడప సీమ గుండా బయల్దేరింది. ఆయన మనుషులు దారి కట్టేశారు. పటాలం వెనక్కి తిరగవలసి వచ్చింది. పూనాలో మరాఠావారు ఇంగ్లీషువాళ్ళతో అప్పటికే యుద్ధంలో వున్నారు. అంతవరకు ఒకరినొకరు నమ్మని హైదరు, మరాఠాలు, నిజాం ముగ్గురూ ఒక్కటయ్యారు. కారణాలు చాలా వున్నాయి, కాని నిజామును గడప దాటించిన కారణం మాత్రం గుంటూరే.

1780 జులైలో హైదరు అలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాడు. చెన్నపట్నానికి చేరువలో పల్లెలు తగలబడుతుంటే గవర్నరు మందిరానికి పొగ కనిపించిందట. సైన్యం కావాలి. ఎక్కడుంది? గుంటూరులో వుంది! అక్కడి పటాలానికి అధికారి కర్నల్ బెయిలీ. ఉన్నపళాన రమ్మని ఆయనకు కబురు వెళ్ళింది. గుంటూరు నుంచి బయల్దేరి, గుండ్లకమ్మ, పెన్న దాటి వెళ్ళినవాడు చెన్నపట్నానికి ఉత్తరాన కొసస్థలి నది దగ్గర ఆగాడు. ఆ పూటే దాటితే దాటగలిగేవాడు. మర్నాటికి వరద వచ్చింది. కొన్ని రోజులు ఒడ్డునే కూచోవలసి వచ్చింది.

సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో హైదరు, టిపూ ఆయన్ను చుట్టుముట్టారు. మందుగుండు బళ్ళు పేలిపోయాయి. పటాలం నాశనమైంది. ఇంగ్లీషువాళ్ళు భారతదేశంలో అంతవరకు అంత దెబ్బ తినలేదు. హైదరు పక్షాన ఆ యుద్ధంలో వున్న ఫ్రెంచి సేనాని ఎవరు? గుంటూరు ప్రభువు కొలువు నుంచి పంపించేసిన లాలీయే! గుంటూరు నుంచి వెళ్ళగొట్టిన ఫ్రెంచివాడూ, గుంటూరులో కాపలా పెట్టిన ఇంగ్లీషువాడూ కంచి దగ్గర ఎదురుబొదురు నిలిచారు. శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ మహలు గోడ మీద ఆ యుద్ధం బొమ్మ ఇప్పటికీ వుంది. మైసూరు విహారానికి వెళ్ళినప్పుడు చూడండి. పల్లకీలో కూచున్న దొరే బెయిలీ. రెండేళ్ళకు ఆ ఊరి ఖైదులోనే పోయాడు.

ఆ రోజు నిజాం కూడా కదిలివుంటే కంపెనీ గతి ఏమయ్యేదో! కలకత్తాలో వున్న గవర్నరు జనరల్ వారన్ హేస్టింగ్స్‌కు ఆ సంగతి బాగా తెలుసు. గుంటూరు వెనక్కి ఇచ్చెయ్యండని చెన్నపట్నానికి ఉత్తర్వు పంపాడు. రంబోల్డ్ అప్పటికే ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన వైట్‌హిల్ ఉత్తర్వు అమలు జరపకుండా నానబెట్టాడు. ఆ నేరానికే హేస్టింగ్స్ ఆయన్ను పదవి నుంచి తప్పించాడు. గుంటూరు బసాలత్ జంగ్‌కు తిరిగి వెళ్ళింది. నిజాం అలీ ఇంట్లోనే కూచున్నాడు. ముగ్గురి జట్టులో ఒక కాలు విరిగింది.

తక్కెడ ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? పెద్ద పెద్ద బస్తాలు రెండు వైపులా వేసినప్పుడు ముల్లు అటూ ఇటూ వూగుతూ వుంటుంది. చివర్న కొట్టువాడు ఒక్క చిన్న పడికట్టురాయి వేస్తాడు. ముల్లు నిలిచిపోతుంది. 1780లో గుంటూరు ఆ పడికట్టురాయి. అది చిన్నదే. కాని ఏ సిబ్బెలో పడితే ఆ సిబ్బె దిగింది.

1782లో బసాలత్ జంగ్ పోయాడు. "తదనంతరం" అన్న మాటకు వేళయింది. కాని నిజాం అలీ గుంటూరును వదల్లేదు. కంపెనీకి అడిగే ఓపిక లేదు. ఒక పక్క మైసూరు యుద్ధం, మరో పక్క అమెరికా యుద్ధం. 1783లో పారిస్‌లో సంధి అయింది. అమెరికా చేజారింది. 1784లో టిపూతో మంగుళూరు సంధి. అప్పుడు లండన్ నుంచి కొత్త గవర్నరు జనరల్ వచ్చాడు. ఎవరో తెలుసా? 1781లో యార్క్‌టౌన్ దగ్గర అమెరికన్లకు లొంగిపోయిన కార్న్‌వాలిస్. అక్కడ ఖండం పోగొట్టుకున్నవాడు ఇక్కడ పద్దులు సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. పాత పద్దుల్లో గుంటూరు కనిపించింది.

1788లో కెన్నవే అనే కెప్టెన్‌ను హైదరాబాదు పంపాడు. వెనకాల సైన్యం సిద్ధంగానే వుంచాడు. ఆ ఏడు సెప్టెంబరులో నిజాం అలీ గుంటూరు వదిలేశాడు. అయితే తెలివైనవాడు కనక, "నేను నా మాట నిలబెట్టుకున్నాను. 1768 కాగితంలో నాకవసరమైనప్పుడు పటాలం ఇస్తామన్నారు, మీ మాట నిలబెట్టుకోండి" అన్నాడు. కార్న్‌వాలిస్ 1789 జులైలో సమాధానం రాశాడు. పటాలం ఇస్తాం, అయితే మా స్నేహితుల మీదికి మాత్రం పంపకూడదు అని ఆ స్నేహితుల పేర్లు వరుసగా రాశాడు. అందులో టిపూ పేరు లేదు! శుభలేఖల జాబితాలో ఒక ఇంటివాళ్ళ పేరు రాయకపోతే ఏం అర్థమవుతుందో ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? టిపూకూ అదే అర్థమైంది.

1790లో ఇంగ్లీషువాళ్ళు, నిజాం, మరాఠాలు ఒక జట్టు. పదేళ్ళ క్రితం ఇంగ్లీషువాళ్ళ మీద కత్తులు నూరిన చేతులే ఇవి. 1792లో టిపూ సగం రాజ్యం పోగొట్టుకుని, ఇద్దరు కొడుకుల్ని తాకట్టుగా పంపాడు. నిజాముకు కడప సీమ దక్కింది. 1799లో టిపూ యుద్ధంలో చనిపోయాడు. మరుసటి ఏడు నిజాం తనకు దక్కినవన్నీ ఆ పటాలం ఖర్చుల కింద కంపెనీకే దత్తం చేశాడు. అవే మన దత్తమండలాలు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యమూ పోయింది. దానితో నెల్లూరు, ఒంగోలు, పల్నాడు కంపెనీవయ్యాయి. 1823లో పేష్కష్ కూడా అక్కర్లేకుండా 1 కోటి 16 లక్షల 66 వేల 666 రూపాయలు నిజాముకు ఒకేసారి ఇచ్చి కంపెనీ సర్కార్లన్నిటికీ చెల్లుచీటీ రాయించుకుంది. సంతలో పశువుకు కూడా అంత రూపాయీ వదలని బేరం జరగదు.

కథ అయిపోయింది. ఇందులోకి రానివారెవరో చెబుతానన్నాను కదూ? ఇన్ని ఒప్పందాలు జరిగాయి. వాటిలో పాదుషాలున్నారు, నవాబులున్నారు, గవర్నర్లున్నారు. గుంటూరు మనిషి ఒక్కడు లేడు. 1779 నుంచి 1788 వరకు, ఆ తొమ్మిదేళ్ళలో, కొండవీటి సీమ రైతు ఎంతమంది యజమానుల్ని చూశాడో లెక్కపెట్టండి. బసాలత్ జంగ్, కంపెనీ, ఆర్కాటు నవాబు, మళ్ళీ బసాలత్ జంగ్, నిజాం, మళ్ళీ కంపెనీ. చేను మారలేదు, శిస్తు పోలేదు, అడిగే గొంతు మాత్రం మారింది. ఏ దొడ్డమ్మ దగ్గు తగ్గిందా అని అందరూ అడిగారు గాని, చేను దున్నేవాణ్ణి "నీకెల్లా వుంది?" అని ఒక్కరూ అడగలేదు.

ఇదంతా చదివాక మోటుపల్లి వెళ్ళాను. వీరభద్రస్వామి గుడి దగ్గర గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం గురించి మీరూ విని వుంటారు. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, పూర్వపు రాజులు అందులోని సరుకంతా లాగేసుకునేవారు. తాను అల్లా చెయ్యననీ, న్యాయమైన సుంకం తప్ప తీసుకోననీ, ప్రాణాలొడ్డి వచ్చేవాళ్ళ మీద దయ వుందనీ ఆ రాజు రాతి మీద రాయించాడు. ఆయనకూ సుంకం ఆశ లేకపోలేదు. అయినా ఆ రాతిలో ఓడ పగిలినవాడి కష్టం వుంది. ఆ ఒడ్డుకోసమే అయిదు వందల ఏళ్ళ తరువాత రాసుకున్న కాగితాల్లో మాత్రం రేవు వుంది, సర్కారు వుంది, లక్షలున్నాయి. మనిషి లేడు. ఇసుకలో కాసేపు కూచుని ఈ తేడా తలుచుకుంటే నాకు మనసు చేదెక్కింది.

అది పాత కథ అనుకోకండి. 1861లో అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది వాళ్ళ మధ్య యుద్ధం వచ్చి లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోతే మన పత్తికి రెక్కలొచ్చాయి. 1865లో ఆ యుద్ధం ఆగగానే ఇక్కడ ధర కుప్పకూలింది. గుంటూరు నేల పత్తి విదేశీ బజారులో "కోకనాడ" పత్తి అన్న పేరుతో అమ్ముడుపోయింది. కనీసం పేరన్నా మనది కాదు, ఓడ ఎక్కిన రేవుది! మొన్న 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. బట్టల మిల్లులు దెబ్బతినకుండా మన ప్రభుత్వం అదే నెలలో దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకాన్ని కొంతకాలం ఎత్తేసింది. మిల్లులకు ఊపిరి వచ్చింది. బయటి పత్తి చవగ్గా దిగుతుందని మన రైతులు గుండెలు పట్టుకున్నారు. గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం బస్తా ముందు నిలబడి చూడండి, రైతు అడిగే మొదటి ప్రశ్న, "చైనా వాళ్ళు కొంటున్నారా?" అని. పడికట్టురాయి ఇంకా తక్కెడ పక్కనే వుంది.

అంచేత విదేశాల వార్తల పేజీ వదిలెయ్యకండి. అందులో మన వంటింటి కారం ధర వుంది, ఎవరి పిల్ల పెళ్ళో ఆగిపోయే పత్తి ధర వుంది. ఎవరు ఎవరికి స్నేహితులన్నది కాదు చూడవలసింది. స్నేహం మారడానికి రెండేళ్ళు చాలని నిజాం అలీ చూపించాడు. ఆ కాగితంలో దున్నేవాడి మాట ఎక్కడన్నా వుందా, "తదనంతరం" ఎవరికని రాశారు, అన్నవి చూడాలి.

అన్నట్టు అమ్మమ్మ చేను సంగతి చెప్పనే లేదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఆడవాళ్ళకు బతికున్నంత వరకే అని ఇచ్చిన ఆస్తి మీద సంపూర్ణ హక్కు ఇస్తూ అందులో ఒక సెక్షన్ పెట్టారు. మనోవర్తి కింద వచ్చినదానికి అది వర్తిస్తుందా లేదా అని చాలాకాలం తగువు నడిచింది. చివరికి 1977లో మన తెలుగు వితంతువు తులసమ్మ గారి కేసులో, వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వార్త అమ్మమ్మ చెవిన పడ్డ రోజున వక్క కొరకడం ఆపి చాలాసేపు మాట్లాడలేదట. తరువాత, "అయితే ఇన్నాళ్ళూ నేను నా చేనులోనే కాపలా వున్నానన్నమాట" అందట.

ఆ పైనెల అరటిపళ్ళ అత్తం రాలేదు. అమ్మమ్మ ఆ తరువాత ఇరవయ్యేళ్ళు, అన్న మాట ప్రకారం, దగ్గుతూనే బతికింది. చేను మాత్రం ఇద్దరు కూతుళ్ళకూ సమంగా రాసి, కాగితం చివర తన చేత్తో ఒక ముక్క చేర్పించింది. కౌలుకు చేస్తున్నవాణ్ణి వాడంతట వాడు వదిలేదాకా ఎవరూ లేపకూడదని.

అమ్మమ్మ రెండో తరగతి కూడా దాటలేదు. ఆ ఒక్క ముక్క రాయడం మాత్రం ఏ గవర్నరు జనరల్‌కూ తోచలేదు.